అంజయ్య దొరకదన్న పంపు

గత నెల రెండో మంగళవారం పొద్దున, సూర్యాపేట కొత్త బస్టాండు వెనక వీధిలో పాత బండ్ల సామాన్ల దుకాణం నడిపే అంజయ్య, కౌంటరు ముందు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం విడిచాడు. ఎవరో ఫోను చేసి ఏదో సామాను ఉందా అని అడిగారట. "జర లైన్ల ఉండు, సూసి చెప్త" అన్నాడట. అవతలి మనిషి చాలాసేపు లైన్లోనే ఉన్నాడట. గుండెపోటు అని దవాఖానలో చెప్పారు.

ఆ వార్త నాకు మా వీధిలో ఆటో నడిపే మనిషి తెచ్చాడు. నేను అతన్ని కోప్పడ్డాను. ముందురోజు సాయంత్రమే నేను అంజయ్య దుకాణంలో కూర్చుని వచ్చాను. "ఈ నెలల తప్పక సూస్త మేడం" అని మాట ఇచ్చాడు. మాట ఇచ్చిన మనిషి తెల్లవారితే ఉండడన్న సంగతి మనసుకు ఎక్కడానికి నాకు ఆ పూటంతా పట్టింది. ఆయనకు అరవై మూడేళ్ళు, నాకు డెబ్బై నాలుగు. వరస ప్రకారమైతే నేను ముందు పోవాలి, ఆయన నా గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. వరస తప్పింది.

మన పెన్షనర్ల పత్రికకు అంజయ్య గురించి రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మంది తమ స్కూటరుకో మోపెడ్‌కో సామాను కోసం ఆయన దుకాణం మెట్లు ఎక్కినవాళ్ళే. కార్యదర్శిగారు ఆయన పోయిన రోజు అడిగి ఉంటే ఆ రోజే రాసి ఇచ్చేదాన్ని, అన్నీ మంచి మాటలే ఉండేవి. పెద్దకర్మ అయిన తర్వాత అడిగారు. ఆ పెద్దకర్మ రోజు నాకు ఒక విషయం తెలిసింది. మంచి మాటలు వెనక్కి తీసుకోను, అవి నిజం. తెలిసిన విషయమూ నిజం. రెండూ రాస్తున్నాను. స్థలం చాలక ఏదైనా కొయ్యాలంటే రెండింటినీ కలిపి కొయ్యమని మనవి.

నేను మిర్యాలగూడ కాల్వల ఆఫీసులో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే డ్రైవింగు నేర్చుకుని ఒక చిన్న కారు కొన్నాను. కార్బురేటరు ఉన్న చివరి తరం బండి అది. ఇద్దరు హాయిగా, నలుగురు సర్దుకుని కూర్చోవచ్చు. ఇలాంటి పాత బండ్లకు ఇంజను త్వరగా పోదు. పెట్రోలు దారి పోతుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు నడిచే దారిలో రబ్బరు ఉన్న ప్రతిచోటా ఏదో ఒకటి ఎండుతుంది, ఉబ్బుతుంది, చిల్లు పడుతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు కాబట్టి పాత రబ్బరు మరీ తొందరగా చెడుతున్నదని అంజయ్య చెప్పేవాడు. "ముసలోళ్ళ కడుపుకు కొత్త తిండి పడదు గద మేడం, గట్లనే" అనేవాడు. ఆ మాట అన్నాక నా మొహం చూసి, "మిమ్మల్నంటలేను, బండిని అంటున్న" అనేవాడు.

ఆయన దగ్గరికి మొదటిసారి పెట్రోలు ఫిల్టరు కోసం వెళ్ళాను. రెండు ఫిల్టర్లు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. చూడటానికి రెండూ ఒక్కటే. ధరలో చాలా తేడా ఉంది. తేడా ఎందుకని అడిగాను.

"ఇది అసలుది, అది నకిలీది. నకిలీది గూడ నడుస్తది మేడం. మిమ్మల్ని మాడుగులపల్లి దాక మంచిగ తీస్కపోతది."

"నేను వెళ్ళేది త్రిపురారం."

"గందుకే చెప్తున్న. మాడుగులపల్లి నుంచి మీరు నడవాలె."

అసలుదే కొన్నాను. అంజయ్య వినయం ఉన్న మనిషి కాదు. తన దుకాణంలో లేనిది మూడు జిల్లాల్లో లేదనేవాడు, ఉన్నదాన్ని పదిమందికి చూపి పొగుడుకునేవాడు. కాని ఆ పొగడ్తకు తగ్గ తిరుగుడు తిరిగేవాడు. ఏ దుకాణమైనా ఫలానా సామాను దొరకదని చెప్పిందని ఎవరైనా అంటే ఆయనకు కోపం వచ్చేది. "దొరకది అన్నడంటే, ఎతకలే అన్నట్టు" అనేవాడు. ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నాను, ఇతరులకు కూడా చెప్పాను. ఇప్పుడు ఆ మాటనే ఆయన ముందు పెట్టవలసి వస్తున్నది.

ఒక ఎండాకాలం నా కారు కార్బురేటరు పొంగడం మొదలైంది. దానిలో పెట్రోలు మట్టం నిలిపే చిన్న సూది అరిగిపోయింది. సూర్యాపేటలో లేదు. అంజయ్య మొదటి బస్సుకు కోదాడ వెళ్ళి మధ్యాహ్నానికి సూదితో వచ్చాడు. ఎలా దొరికిందో ఆయన చెప్పలేదు. తర్వాతెప్పుడో నేను కోదాడ వెళ్ళినప్పుడు ఆ దుకాణం యజమానే చెప్పాడు. "మీ అంజయ్యగారు మేం తాళం తీయకముందే మెట్ల మీద కూర్చున్నారండి. లేదన్నా లేవరే. చివరికి నన్నే అటక ఎక్కించారు. మా కొట్టులో ఏ మూల ఏముందో నాకంటే ఆయనకే బాగా తెలుసు." చెప్తూ ఆయన నడుము పట్టుకున్నాడు.

ఇంకోసారి ట్యాంకు అడుగు తుప్పుపట్టి కారింది. అంజయ్య మిర్యాలగూడలో పాత బండ్లు విప్పే యార్డులో అలాంటిదే ట్యాంకు చూసి, దాన్ని తన మోటారు సైకిలు వెనక తాళ్ళతో కట్టుకుని వస్తుంటే దారిలో పోలీసు ఆపాడట.

"ఇదేంది అన్నడు. ట్యాంకు సార్ అన్న. బండేది అన్నడు. బండి సూర్యాపేటల ఉన్నది సార్, ఇది ముందుగాల పోతున్నది అన్న."

"ఏమన్నాడు?"

"నవ్విండు మేడం. నవ్వితే ఇగ ఏమంటడు."

ఇక్కడ ఆయన వ్యాపారం పద్ధతి ఒకటి చెప్పాలి. ఇది ఆయన ఒక్కడిదే కాదు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళలోనూ పాత బండ్ల సామాన్లు అమ్మేవాళ్ళందరిదీ. పాత బండికి సామాను కావాలంటే పేరు చెప్తే చాలదు, చెడిపోయిన సామాను విప్పి తెచ్చి ఇవ్వాలి. దాన్ని శాంపిల్ అంటారు. ఒకే బండికి ఒక్కో ఏడు ఒక్కో రకం బిగించారు కనుక, చిల్లులు, గొట్టాలు, పొడవు పక్కన పెట్టి చూసుకుంటే తప్ప కుదరదు. శాంపిల్ ఒక దుకాణంలో ఇచ్చాక ఆ బేరం ఆ దుకాణానిదే. ఇంకొకరు ముట్టరు. ఇచ్చిన శాంపిల్ వెనక్కి అడగడమంటే "నీ మీద నమ్మకం పోయింది" అని నలుగురిలో చెప్పినట్టు. ఎవరూ అడగరు.

అంజయ్య శాంపిల్స్‌ను గోడకు మేకులు కొట్టి వేలాడదీసేవాడు. కొత్తది రాగానే పాతదాన్ని దించి, రెండింటినీ కలిపి రాగి తీగెతో కట్టేవాడు. అప్పుడు యజమానికి ఫోను పోయేది. "జత పడ్డది మేడం, రండ్రి." పెళ్ళి సంబంధం కుదిర్చినవాడికి కూడా గొంతులో అంత సంబరం ఉండదు.

మా అక్క ఎస్తేరు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. త్రిపురారంలో ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా పనిచేసి, రిటైరయ్యాక అక్కడే కాలువ దగ్గర ఇల్లు కట్టుకుంది. పెళ్ళి చేసుకోలేదు. తుంటి ఎముక విరిగిన తర్వాత మంచం దిగి గుమ్మం దాకా రావడమే ఆమెకు ప్రయాణం. నేను ప్రతి ఆదివారం చర్చిలో పొద్దుటి ఆరాధన కాగానే కారులో బయలుదేరి మిర్యాలగూడ మీదుగా అక్క దగ్గరికి వెళ్ళేదాన్ని. తల దువ్వేదాన్ని, బైబిల్లో ఒక అధ్యాయం చదివేదాన్ని, తర్వాత ఇద్దరం అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. నేను నీళ్ళు తాగడానికి లేస్తే చాలు, గవ్వ తిరగేసేది. పట్టుకుంటే, "దేవుడు చూసిండు లే, నీకెందుకు" అనేది. సాయంత్రం పొద్దు ఉండగానే తిరిగి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం త్రిపురారంలోనే నా కారు పెట్రోలు పైపు పగిలింది. ఫోను చేస్తే, మిర్యాలగూడలో పని మీద ఉన్న అంజయ్య కొత్త పైపు జేబులో వేసుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. అక్క అతనికి అన్నం పెట్టింది. అప్పటి నుంచి, ఆ వైపు రైతుల ఆయిల్ ఇంజన్లకు సామాను ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా అక్క ఇంట్లో నీళ్ళు తాగి వచ్చేవాడు. ఆమెకు ఆయన అంజి, ఆయనకు ఆమె ఎస్తేరక్క. వాళ్ళిద్దరికీ అలా పరిచయం కలిపినది నేనే, నా కారే.

రెండేళ్ళ కిందట యాసంగి వరి కోతలప్పుడు ఒకటి జరిగింది. మాడుగులపల్లి మండలంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు తన పక్క వదిలి నా పక్కకు వచ్చింది. నేను బండిని వడ్ల మీదికి ఎక్కించాను. వడ్ల మీద చక్రం నిలవదు. బండి అడ్డంగా తిరిగి ఆగింది. రాశి పక్కన పడుకున్న రైతు లేచి కూర్చున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు ట్రాక్టరుది. నేను దిగి ఆ రైతుతో కలిసి చెదిరిన వడ్లు దగ్గరకు నెట్టి, అక్క దగ్గరికి వెళ్ళి, ఇదంతా నవ్వుతూ నేనే చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు అష్టాచెమ్మాలో దొంగాట కూడా ఆడలేదు.

ఆ జూన్‌లో నా కారు పెట్రోలు పంపు పోయింది. ఇంజను పక్కనుండి ట్యాంకులోని పెట్రోలును పైకి లాగే పిడికెడంత పంపు అది. లోపలి రబ్బరు పొర చిరిగి పెట్రోలు ఇంజను ఆయిలులో కలుస్తున్నదని మెకానిక్కు చూపించాడు. అలా నడిపితే ఇంజను పోతుంది. పంపు విప్పించి అంజయ్యకు శాంపిల్ ఇచ్చాను. "వారం మేడం" అన్నాడు. వారం పోయాక, "హైదరాబాద్ నుంచి రావాలె" అన్నాడు. నెల పోయాక, "కంపెనీ బంద్ వెట్టింది మేడం, దొరకది" అన్నాడు.

దొరకదన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. నాకు అనుమానం రాలేదు. అంజయ్య దొరకదన్నాడంటే నిజంగా లేదన్న మాట అనుకున్నాను. అరుదుగా అనే మాటకు విలువ ఎక్కువ ఇస్తాం.

నేను ఊరుకోలేదు. బస్సులో కోదాడ వెళ్ళాను. అటక ఎక్కిన ఆ దుకాణదారే, "శాంపిల్ అంజయ్యగారి దగ్గరుందిగా, ఆయన చూస్తారులేండి" అన్నాడు. మిర్యాలగూడలో అడిగాను.

"శాంపిల్ ఏడున్నది మేడం?"

"అంజయ్య దగ్గర."

"అయితే మేం ముట్టం. ఆయన బేరం ముడితే రేపు మా మొఖం సూడడు."

ఆయనేమీ వాళ్ళకు చెప్పి పెట్టలేదు. చెప్పవలసిన పని లేదు. నా పాత పంపు ఆయన గోడకు ఉన్నంతకాలం మూడు ఊళ్ళూ నాకు మూసి ఉన్నట్టే. మాకు మనవరాలి వరస అయ్యే పిల్ల ఒకామె ఆన్‌లైన్‌లో ఒక పంపు తెప్పించింది. చిల్లులు కలవక తిప్పి పంపాం. "శాంపిల్ లేకుంట తెప్పిస్తే గంతే" అన్నాడు అంజయ్య. మెకానిక్కు కరెంటుతో నడిచే పంపు పెడదామన్నాడు. దానికీ అంజయ్యనే అడిగాను. "వద్దు మేడం. దాని జోరు ఎక్కువుంటది, మీ కార్బురేటర్ ఆగదు. పెట్రోల్ పొంగి వేడి ఇంజన్ మీద పడితె ఎట్ల?" అన్నాడు. అది నిజమే, నేను తర్వాత ఇతరులనూ అడిగి తెలుసుకున్నాను. నిజాన్ని కూడా ఆయన ఆ పనికే వాడాడు.

కిరాయి కారు మాట్లాడుకోవచ్చు కదా అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. కొన్నిసార్లు వెళ్ళాను. డ్రైవరు గేటు దగ్గర నిలబడి హారను కొట్టేవాడు. అక్క తల సగం దువ్వి లేచి రావలసి వచ్చేది. బస్సులో వెళ్తే మిర్యాలగూడలో దిగి ఇంకో బస్సు ఎక్కాలి, నా మోకాళ్ళకు అది నెలకు ఒకసారి కంటే సాధ్యం కాలేదు. ఆదివారాలు పోయాయి. ఎన్ని పోయాయో లెక్క నా దగ్గర ఉంది. ఇక్కడ రాయను.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అక్క పక్కింటివాళ్ళు ఫోను చేశారు. ఆయాసం ఎక్కువైంది, నన్ను అడుగుతున్నది అన్నారు. పెళ్ళిళ్ళ రోజులు, ఒక్క కిరాయి కారు దొరకలేదు. బస్సులో మిర్యాలగూడ చేరి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. అప్పటికే గడ్డానికి గుడ్డ కట్టి, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టారు. ఇంకా వెచ్చగానే ఉంది. నా కారు మా ఇంటి ముందు పట్టా కప్పుకుని ఉంది.

మర్నాడు సమాధి కార్యక్రమానికి అంజయ్య వచ్చాడు. మట్టి వేశాడు. అయ్యాక నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"బండి నడిస్తే అందేదాన్ని అంజయ్యా" అన్నాను.

ఆయన తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "అవు మేడం" అన్నాడు.

ఆ తర్వాత నేను దుకాణానికి వెళ్ళినప్పుడల్లా కౌంటరు పక్క కుర్చీ తుడిచి, అక్కడున్నవాళ్ళను లేపి నన్ను కూర్చోబెట్టేవాడు. చాయ్ తెప్పించేవాడు. కొత్త జోకులు చెప్పేవాడు కాదు. ఆయనకూ వయసు వస్తున్నదనుకున్నాను. నాకు కారు ఇంకా కావాలి. అక్క సమాధి దగ్గరికి నా అంతట నేను వెళ్ళి, నా ఇష్టమైనంతసేపు కూర్చుని రావాలి. అదే చెప్పేదాన్ని. "సూస్త మేడం" అనేవాడు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆయన భార్య సోమమ్మ నన్ను లోపలికి పిలిచింది. పోయినవాడి దగ్గర పరాయివాళ్ళ సామాను ఉండకూడదని ఇంటి పెద్దలు అన్నారట. గోడ మీది శాంపిల్స్ అన్నీ సంచుల్లో వేసి, వచ్చినవాళ్ళవి వచ్చినవాళ్ళకు ఇచ్చేస్తున్నది. నాకు ఒక గుడ్డ మూట ఇచ్చింది. విప్పాను. నా పాత పంపు ఉంది. దానికి రాగి తీగెతో కట్టి కొత్త పంపు ఉంది. తీగె నల్లబడింది.

"ఇదెప్పుడు వచ్చింది సోమమ్మా?"

"మీరిచ్చిన నెలల్నే వచ్చింది మేడం."

"ఎక్కడుంది ఇన్నాళ్ళు?"

"కౌంటర్ కింది డ్రాయర్ల. మీరు కూసునే కుర్చీ పక్కన."

నేను కూర్చుండిపోయాను. సోమమ్మ కూడా కింద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది. పంపు వచ్చిన రోజే ఆయన త్రిపురారం వైపు పోయాడు. సంతోషం పట్టలేక, నాకు ఫోను చేసే ముందే మా అక్కకు చెప్పాడు. ఎస్తేరక్కా, మేడం బండికి జత పడ్డది, ఆదివారం వస్తది అని. అక్క ఆయన చెయ్యి పట్టుకున్నది.

"ఏమన్నదంటే, 'అంజీ, అది వడ్ల మీద బండి తిప్పి నవ్వుకుంట చెప్తున్నది. నాకు ఆదివారం వస్తుందంటే గుండె దడ. నేను వద్దంటే అది ఇంకింత జోరుగ వస్తది. నువ్వు దొరకదంటే ఊకుంటది' అన్నదంట. బైబిల్ మీద చెయ్యి వెట్టించుకున్నదంట మేడం. మాది హిందువుల ఇల్లు, ఆ ఒట్టు మనకెందుకు అన్న నేను. ఎవరి దేవుడైనా దేవుడే గద అన్నడు. ఆ దినం అన్నం తినలే."

"అక్క పోయాక?"

"చెప్తనని రెండుసార్లు మీ ఇంటి దాక వచ్చి మళ్ళిండు. 'బండి నడిస్తే అందేదాన్ని అన్నది సోమీ, ఇప్పుడు జత వడ్డదని ఏ మొఖం వెట్టుకొని చెప్పాలె' అన్నడు."

ఇదీ నాకు తెలిసిన విషయం. దీన్ని విన్నవాళ్ళు చాలామంది కళ్ళు తుడుచుకుని, ఎంత ప్రేమ చూడండి అన్నారు. మా పాస్టరుగారు కూడా అదే అన్నారు. ప్రేమ కాదని నేను అనడం లేదు. నా లైసెన్సు రెన్యూవల్ అయి ఉంది. డాక్టరు కళ్ళు పరీక్షించి సంతకం పెట్టాడు. బండి పాతదైనా పరీక్షకు తీసుకుపోయి కాగితం తెచ్చుకున్నాను. ప్రభుత్వం నడపవచ్చన్నది, డాక్టరు నడపవచ్చన్నాడు. నడపకూడదని ఒక మంచంలో ఉన్న మనిషీ ఒక దుకాణంలో ఉన్న మనిషీ తీర్పు చెప్పుకున్నారు. నన్ను పిలవకుండా.

అక్కకు భయం వేసింది. అది నాకు అర్థమవుతుంది. ఆ భయం నాతో చెప్పి ఉంటే నేను పోట్లాడేదాన్ని. గట్టిగానే పోట్లాడేదాన్ని. ఆ పోట్లాటలో ఆమె గెలిచేదో నేను గెలిచేదాన్నో, మెల్లగా నడుపుతానని ఒప్పందం చేసుకునేవాళ్ళమో. ఆ పోట్లాట నాకు రావలసి ఉంది, దాన్ని కూడా వాళ్ళు నాకు మిగల్చలేదు. గవ్వ తిరగేసినప్పుడు కనీసం నేను నీళ్ళు తాగడానికి లేచానన్న సంగతి నాకు తెలిసేది.

అంజయ్య విషయం వేరు. ఒట్టు పెట్టించుకున్న మనిషి ఫిబ్రవరిలో మట్టిలోకి వెళ్ళింది. ఆ ఒట్టూ ఆమెతోనే వెళ్ళింది. అప్పటి నుంచి పోయిన నెల దాకా ఆయన "సూస్త మేడం" అన్న ప్రతిసారీ ఆ అబద్ధం అక్కది కాదు, ఆయనదే. నా మోకాలికి తగిలేంత దగ్గర డ్రాయరులో పంపు పెట్టుకుని నాకు చాయ్ తెప్పించాడు. నేను చాయ్ తాగి, కప్పు ఆ డ్రాయరుకు పైన కౌంటరు మీదే పెట్టి వచ్చాను.

వేరే దుకాణదారు ఎవరైనా ఇలా చేసి ఉంటే నాకు ఇంత కష్టం కలిగేది కాదు. నకిలీ ఫిల్టరు అంటగట్టేవాడి మాట నేను ఎలాగూ నమ్మను. కోదాడ మెట్ల మీద కూర్చున్నవాడు, ట్యాంకు మోటారు సైకిలుకు కట్టుకుని వచ్చినవాడు, దొరకదంటే వెతకలేదని అర్థమని చెప్పినవాడు చెప్పాడు కాబట్టి నమ్మాను. ఆయన ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న మంచి పేరంతా ఒక్క అబద్ధానికి ఖర్చు పెట్టాడు. ఆ అబద్ధం నా దగ్గర చెల్లింది కూడా ఆ మంచి పేరు వల్లే.

అయినా పైన రాసిన మంచి మాటలు కొట్టెయ్యను. మన పెన్షనర్లలో ఎంతమంది పాత స్కూటర్లు ఆయన చేతి చలవ వల్ల ఇంకా నడుస్తున్నాయో మీకే తెలుసు. నకిలీని నకిలీ అని చెప్పి అమ్మకం పోగొట్టుకున్న మనిషి. పనికిరాదని పారేసిన బండికి సామాను దొరికితే పండగ చేసుకున్న మనిషి. సోమమ్మకు ఆయన లేని లోటు తీరేది కాదు. మనకూ తీరదు. ఆయన నెమ్మదిగా నిద్రపోవాలని కోరుకుంటున్నాను. నా కోపం ఆయన వెంట పంపలేను, అది నా దగ్గరే ఉంది, ఎవరికి ఇవ్వాలో తెలియడం లేదు.

పెద్దకర్మ అయిన వారానికి పంపు బిగించాం. బండి ఒకసారి మూలిగి, అంటుకుని, ఆగిపోయింది. ఇన్నాళ్ళు నిలిచిపోయిన పెట్రోలు జిగురై కార్బురేటరులో సూదిని పట్టేసిందట. మెకానిక్కు సూది తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మారిస్తే నడుస్తది మేడం. కని ఇప్పుడిది ఎవరు తెస్తరు?" అన్నాడు.

మర్నాడు ఆ సూదిని గుడ్డలో చుట్టుకుని బస్సులో కోదాడ వెళ్ళాను. అటక ఎక్కిన దుకాణదారు సూదిని వెలుతురుకు పట్టి చూశాడు. అంజయ్య పేరు ఎత్తి కాసేపు బాధపడ్డాడు. అప్పుడు తెచ్చిన సూదే ఆఖరుదని, అటక మీద ఇక లేవని, విజయవాడలో అడగాలని చెప్పాడు.

"శాంపిల్ ఇచ్చి వెళ్ళండమ్మా. వారం పది రోజుల్లో కబురు చేస్తాను."

"నేను ఇక్కడే కూర్చుంటాను. కొలతలు రాసుకుని ఇచ్చెయ్యి."

"మా మీద నమ్మకం లేదాండీ? అంజయ్యగారి దగ్గరైతే వదిలేసి వెళ్ళేవారుగా."

"అవును. వదిలేసే వెళ్ళాను" అన్నాను.

ఆయన కొలతలు రాసుకున్నాడు, ఫొటో తీసుకున్నాడు, సూది తిరిగి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను. ఈ మూడు ఊళ్ళలో నా సామాను వదిలి, ఎప్పుడిస్తావని అడగకుండా లేచి రాగలిగిన దుకాణం ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని షట్టరు దించి ఉంది. అలాంటిది ఇంకొకటి దొరకదని నేను అనను. ఆయన మాటలోనే చెప్పాలంటే, నేను ఎతకను.